మీ ఊరి చెరువు గుడ్డ మీదికి రావాలంటే

"కుట్టు వచ్చు, రంగులు వేయడం వచ్చు, కానీ ఏం చేయాలో తోచడం లేదు. డిజైన్ ఎక్కడి నుంచి తేవాలి?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఫోన్‌లో చూసి చేస్తే నాది అనిపించడం లేదని కొందరంటారు. మీ ఊళ్ళో ఏముందని అడిగితే, "ఏముందండీ, మామూలు ఊరే, ఒక చెరువు, నాలుగు తాటిచెట్లు" అంటారు. ఏడాది పొడవునా పని చేసుకోవడానికి ఆ చెరువు ఒక్కటి చాలు. దాన్ని గుడ్డ మీదికి ఎలా తెచ్చుకోవాలో ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా చెప్తాను. తెలంగాణ పల్లె చెరువును ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే. మీ దగ్గర చెరువు లేకపోతే ఏం చేయాలో కూడా చివర్లో ఉంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. ప్రకృతి దృశ్యం అనగానే మనందరి చేతికీ ఒకే బొమ్మ వస్తుంది: రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, వంకర తిరిగిన నది, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి పక్షులు. బడిలో నేర్చుకున్న ఆ బొమ్మ మీ ఊరిది కాదు, నా ఊరిదీ కాదు. మన ఊరు మన చేతికి రాకుండా అడ్డుపడేది అదే. మీరు చేసిన గుడ్డ చూసి ఎవరైనా "ఇది ఎండాకాలం కదూ" అనగలిగితే పని అయినట్టు. చెరువులా కనిపించాలన్న పట్టుదల వదిలేయండి. ఆ చోటు, ఆ నెల, ఆ పూట గుడ్డలోకి వస్తే చాలు.

కావలసినవి

- పాత నూలు చీర లేదా పంచె. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడ్డదైతే రంగు బాగా పీలుస్తుంది, సూది సులువుగా దిగుతుంది. లేదంటే రెండు మీటర్ల గాడా గుడ్డ (ముతక నూలు గుడ్డ) కొనుక్కోండి. పాలిస్టర్ కలిసిన గుడ్డ వద్దు. అనుమానం ఉంటే ఒక పోగు కాల్చి చూడండి: నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది.
- బట్టల సోడా, కరక్కాయ పొడి (ఆయుర్వేద దుకాణంలో దొరుకుతుంది), ఒక గుప్పెడు తుప్పు పట్టిన మేకులు, బెల్లం, సోయా గింజలు, మైదా.
- ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారం: మట్టి రంగులు, బూడిద రంగు, నలుపు, ఒక్క పసుపు, ఒక్క ఎరుపు. ఒకటి సన్నవి, ఒకటి లావువి రెండు రకాల సూదులు.
- ఖాళీ అగ్గిపెట్టె, చిన్న నోటుబుక్కు, పెన్సిలు.
- రంగుల కోసం విడిగా ఒక స్టీలు గిన్నె, ఒక గరిటె. ఇవి మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. మర్చిపోకుండా గిన్నె మీద రంగుతో గుర్తు పెట్టండి.

1. ఒకే చోటు ఎంచుకోండి

చెరువంతా కాదు, ఒక్క చోటు. తూము పక్కన, అలుగు దగ్గర, కట్ట కింద రాళ్ళు పేర్చిన చోట, శిఖం భూమిలో (చెరువు నిండితే మునిగే నేలలో) నీళ్ళు వెనక్కి తగ్గిన అంచు, ఏదో ఒకటి. పది అడుగుల నేల చాలు. నేను ఎక్కువగా అంచునే ఎంచుకుంటాను. నీరు, బురద, ఆరిన మట్టి, గడ్డి నాలుగూ అక్కడ నాలుగు అడుగుల్లో దొరుకుతాయి.

జాగ్రత్త: పూడిక మట్టి తీసిన చోట లోతైన గుంతలు ఉంటాయి. నీళ్ళు నిండాక అవి కనబడవు. 2015లో ప్రభుత్వం చెరువుల బాగు కోసం పెట్టిన మిషన్ కాకతీయ పథకం మొదలైన తర్వాత చాలా చెరువుల్లో పూడిక తీశారు, కాబట్టి మీ చిన్నప్పుడు నడిచిన చెరువే కదా అని దిగకండి. ఎక్కడ దిగవచ్చో పశువులు కాసేవాళ్ళని అడగండి. తుంగలో, జమ్ములో చెప్పుల్లేకుండా నడవకండి, పాములుంటాయి.

2. మూడుసార్లు వెళ్ళండి, ఫోన్ జేబులోనే ఉంచండి

పొద్దున ఆరింటికి ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకేటప్పుడు ఒకసారి. వేర్వేరు రోజుల్లో వెళ్ళినా ఫర్వాలేదు. వెళ్ళిన ప్రతిసారీ కనీసం ఇరవై నిమిషాలు కూర్చోండి. మొదటి ఐదు నిమిషాలు ఏమీ కనబడదు, అందరికీ అంతే. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడుతుంది: రాళ్ళ మీద నీటి మట్టం దిగిపోతూ వదిలిన చారలు, కొంగ నడిచిన అడుగులు, పొద్దున నల్లగా ఉన్న బురద మధ్యాహ్నానికి బూడిద రంగుకు తిరగడం.

ఫోటో తీయాలనిపిస్తే చివరి రెండు నిమిషాల్లో తీసుకోండి. ముందే తీస్తే కన్ను పని మానేస్తుంది. ఇంటికొచ్చి ఆ ఫోటోని చూసి కుట్టడం మొదలుపెడితే మీ చేతికి వచ్చేది ఫోటోకి నకలే. నా దగ్గరికి వచ్చే పనుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

3. అగ్గిపెట్టె కిటికీ

అగ్గిపెట్టె లోపలి అర తీసేస్తే పై తొడుగు చిన్న కిటికీ అవుతుంది. కంటికి దగ్గరగా పెట్టి, మెల్లగా దూరం జరుపుతూ చూడండి. చూపు ఆగిన చోట ఆపి, నోటుబుక్కులో అగ్గిపెట్టెంత డబ్బా గీసి, అందులో కనిపించిన గీతలు మాత్రమే గీయండి. బొమ్మలు వేయడం రాదనే భయం వద్దు, ఇక్కడ బొమ్మ వేయమని ఎవరూ అడగడం లేదు. ఒక్కో రాకకు ఐదు డబ్బాలు. మూడు రాకలకు పదిహేను.

ప్రతి డబ్బా పక్కన మూడు మాటలు రాయండి: గీత ఎటు పోతోంది, రంగు ఏమిటి, తాకితే ఎలా ఉంటుంది. రంగుకి పేరు రాసేటప్పుడు "ఆకుపచ్చ", "నీలం" అని రాయకండి. "చల్లారిన టీ మీద మీగడ రంగు", "ఉడికిన ఉలవల రంగు" అని రాయండి. తెలిసిన వస్తువుతో పోల్చి రాస్తే ఇంట్లో దారం ఎంచుకునేటప్పుడు తప్పు పోదు.

నీటి రంగు దగ్గర అందరూ తడబడతారు. మన చెరువు నీళ్ళు నీలం కావు. పొద్దున పాల రంగు, మధ్యాహ్నం మట్టి కలిసిన ఆకుపచ్చ, సాయంత్రం ఒకవైపు రాగి, ఒకవైపు సీసం. నీళ్ళనగానే నీలం శాటిన్ రిబ్బన్ వేశారంటే మళ్ళీ బడి బొమ్మలోకి వెళ్ళిపోయినట్టే.

4. ఏరుకోవడం

ఎర్ర చల్క మట్టి ఒక డబ్బా, నల్ల రేగడి ఒక డబ్బా, ఎండిన తుంగ, రాలిన తుమ్మకాయలు, చిరిగి పారేసిన వల ముక్క, తుప్పు పట్టిన లాడం. కింద పడ్డవే ఏరుకోండి. పూలు కోయకండి, గూళ్ళు, గుడ్లు ముట్టుకోకండి. వల ముక్క తీసుకునే ముందు అక్కడ చేపలు పట్టేవాళ్ళని ఒక మాట అడగండి, పారేసినట్టున్నది ఆరబెట్టినదై ఉండొచ్చు.

పట్నంలో మురుగునీరు చేరే చెరువైతే అక్కడి బురద వాడకండి. గట్టు మీది పొడి మట్టి తీసుకోండి, అది కూడా చేతికి గ్లవుజులతో.

ఎండు గడ్డిని, ఆకుల్ని గుడ్డ మీద అలాగే కుట్టేస్తే ఆరు నెలలకి పురుగు పడుతుంది. ఏరినవి చూడటానికి, తాకడానికి, అచ్చు వేయడానికి. చివరి పనిలో గుడ్డ, దారం, మట్టి, వల ఉంటే చాలు.

5. గుడ్డని సిద్ధం చేయడం

కొత్త గుడ్డకి గంజి, నూనె ఉంటాయి. లీటరు నీళ్ళకి ఒక టీస్పూన్ బట్టల సోడా వేసి, గుడ్డ మునిగేలా పెట్టి, గంటసేపు సన్నటి మంట మీద మరిగించి, బాగా జాడించండి. పూర్వం చాకలివాళ్ళు చౌడు మన్ను వాడింది ఇందుకే, అందులో ఉండేదీ ఈ సోడానే. పాత చీరకి ఇంత అవసరం లేదు, ఒకసారి వేడినీళ్ళలో ఉతికితే సరిపోతుంది.

పరీక్ష: ఆరిన గుడ్డ మీద ఒక నీటి చుక్క వేయండి. వెంటనే ఇంకిపోవాలి. ముత్యంలా నిలబడితే మళ్ళీ మరిగించాలి. ఈ పరీక్ష మానేసినవాళ్ళే తర్వాత "రంగు మచ్చలు మచ్చలుగా వచ్చింది" అని బాధపడతారు.

ఇప్పుడు సగం గుడ్డకి కరక్కాయ పట్టించండి. వంద గ్రాముల గుడ్డకి ఇరవై గ్రాముల పొడి. గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, గుడ్డ రాత్రంతా నానబెట్టి, పొద్దున జాడించకుండా పిండి నీడలో ఆరేయండి. గుడ్డ లేత గోధుమ రంగుకి వస్తుంది. శ్రీకాళహస్తిలో, పెడనలో కలంకారీ చేసేవాళ్ళు గుడ్డకి ముందుగా చేసేదీ కరక్కాయ పనే. వాళ్ళు అందులో గేదె పాలు కలుపుతారు. పాలల్లోని కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు. సన్నటి గీతలు కావాలంటే మీరూ కలపండి, కాకపోతే గుడ్డకి కొన్నాళ్ళు పాల వాసన ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. కరక్కాయ గుడ్డకి ఇనుము తగిలితే అక్కడ నల్లమచ్చ పడుతుంది, ఇక పోదు. తుప్పు పట్టిన దండెం తీగ మీద ఆరేయకండి, తుప్పు గుండుసూదులు గుచ్చకండి. అలాగే బోరు నీళ్ళలో ఇనుము ఎక్కువుంటే గుడ్డ మొత్తం బూడిద రంగుకి తిరుగుతుంది. అప్పుడు వాననీరో, తాగునీటి డబ్బా నీరో వాడండి.

6. రంగులు: మట్టి, ఇనుము

ఈ రెండూ ఉంటే చెరువుకి కావలసిన రంగుల్లో ముప్పాతిక భాగం వచ్చేస్తుంది. అందుకే ఇక్కడ కాస్త తీరిగ్గా చెప్తాను.

*మట్టి.* ఏరిన మట్టిని ఎండబెట్టి, దంచి, పిండి జల్లెడ పట్టండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి. బకెట్‌లో నీళ్ళు పోసి మట్టి వేసి బాగా కలిపి, ఒక నిమిషం ఆగండి. ఇసుక కిందికి దిగుతుంది. పైన ఉన్న బురద నీటిని ఇంకో పాత్రలోకి వంచుకోండి. రాత్రంతా వదిలేస్తే అడుగున వెన్నలాంటి మట్టి పేరుకుంటుంది. పైనీళ్ళు తీసేసి ఆ వెన్న ఆరబెట్టుకోవాలి. వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగలకూడదు, తగిలితే మళ్ళీ వంచండి.

మట్టి గుడ్డకి అంటుకోవాలంటే జిగురు కావాలి. ఒక గుప్పెడు సోయా గింజలు రాత్రి నానబెట్టి, రుబ్బి, అర లీటరు నీళ్ళు కలిపి, పల్చటి గుడ్డలో వడగట్టండి. ఆ పాలల్లో మామూలు గుడ్డని, అంటే కరక్కాయ పట్టించనిదాన్ని, ఒకసారి ముంచి ఆరేయండి. తర్వాత అవే పాలతో మట్టిని పలచటి దోసె పిండిలా కలిపి బ్రష్షుతో వేయండి. ఒకే మందపు పూతగా వేస్తే పెచ్చులూడుతుంది. పల్చగా మూడు పూతలు, ఒకటి ఆరాక ఒకటి. సోయా పాలు అదే రోజు వాడేయాలి, రాత్రికి పులుస్తాయి. ఇంత ఓపిక లేకపోతే క్రాఫ్ట్ దుకాణంలో దొరికే ఫాబ్రిక్ మీడియంలో మట్టి కలపండి. పని త్వరగా అవుతుంది, గుడ్డ మాత్రం కాస్త బిరుసెక్కుతుంది.

పూసిన వెంటనే ఉతకవద్దు. నా మొదటి మట్టి గుడ్డని మర్నాడే నీళ్ళలో పెట్టాను, చల్క మట్టంతా బకెట్లోకి దిగిపోయింది. కనీసం వారం, వీలైతే మూడు నాలుగు వారాలు అలా వదిలేయాలి. సోయా పాలల్లోని మాంసకృత్తు మెల్లగా గట్టిపడి మట్టిని పట్టుకుంటుంది. చల్క మట్టికి ఎరుపునిచ్చేది ఇనుప ఆక్సైడు, అది ఎండకి వెలవదు. మన పాత ఇళ్ళ గోడలకీ గడపలకీ జాజు (ఎర్రమట్టి రంగు) పూసిన ఎరుపు ఏళ్ళ తరబడి నిలబడింది అందుకే.

*ఇనుప నీళ్ళు.* గాజు సీసాలో తుప్పు మేకులు, వంద గ్రాముల బెల్లం, లీటరు నీళ్ళు. మూత వదులుగా పెట్టండి. పులిసేటప్పుడు గాలి పుడుతుంది, బిగిస్తే సీసా పగలొచ్చు. పదిహేను ఇరవై రోజులకి నురగ తగ్గుతుంది, అప్పుడు వడగట్టండి. పిల్లలకి అందకుండా, పేరు రాసి పెట్టండి. కరక్కాయ గుడ్డ ముక్క మీద ఒక చుక్క వేస్తే కళ్ళ ముందే నల్లబడాలి. ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. లేత బూడిద దగ్గరే ఆగిపోతే ఇంకో వారం ఉంచండి.

తొందరగా కావాలంటే మేకుల్ని వెనిగర్‌లో వేస్తే నాలుగైదు రోజుల్లో తయారవుతుంది. ఎలా చేసినా వాడేముందు నీళ్ళు కలిపి పలచన చేయండి. చిక్కటి ఇనుప నీరు కాలక్రమంలో నూలుని తినేస్తుంది. చిక్కగా వేసిన నా గుడ్డ ఒకటి రెండేళ్ళకి గీత పొడుగునా చిరిగిపోయింది. నల్లదనం చాలకపోతే రెండోసారి పలచగా వేసుకోవచ్చు. వేశాక ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించండి.

పసుపు, బీట్‌రూట్, మందారం రంగులు వాడవచ్చా అని తప్పకుండా అడుగుతారు. వద్దు. ఎండ తగిలితే పసుపు వారాల్లో వెలిసిపోతుంది, మిగతావీ నిలవవు. పసుపు ఛాయ కావాలంటే గుడ్డని పటికలో నానబెట్టి, దానిమ్మ తొక్కల నీళ్ళలో ఉడికించండి. అది నిలబడుతుంది.

7. బెత్తెడు ముక్కలు

పెద్ద గుడ్డ ముట్టుకోకముందు బెత్తెడు ముక్కలు కనీసం ఆరు చేయండి. నోటుబుక్కులో ఉన్న పదిహేను డబ్బాల్లో నచ్చిన ఆరింటిని ఎంచుకుని, ఒక్కోదానికి ఒక్కో ముక్క. ఈ మెట్టు దాటేయాలని అందరికీ అనిపిస్తుంది. దాటేస్తే పెద్ద గుడ్డ మీద భయం భయంగా చేయి ఆడుతుంది.

*నెర్రెలు.* ఎండిన చెరువు నెర్రెలు మైదాతో అచ్చంగా వస్తాయి. ఒక కప్పు మైదా, ఒక కప్పు నీళ్ళు ఉండల్లేకుండా కలపండి. కరక్కాయ గుడ్డని అట్ట మీద పరచి అంచుల్ని టేపుతో గట్టిగా అతికించండి. మైదాని రెండు మూడు మిల్లీమీటర్ల మందాన సమంగా పూసి ఒక రోజు ఆరనివ్వండి. ఆరాక గుడ్డ ఊడదీసి నలపండి. పిండి అచ్చం రేగడి నేలలా పగులుతుంది. ఆ పగుళ్ళలోకి ఇనుప నీళ్ళు బ్రష్షుతో రుద్ది పది నిమిషాలు ఆగి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి పిండి గీకేయండి. నల్లటి సన్నని నెర్రెలు మిగులుతాయి. పిండి పలచగా వేస్తే గీతలు చిక్కగా, మందంగా వేస్తే పెద్ద పెంకులుగా వస్తాయి. గీతలు అలుక్కుపోయాయంటే పిండి పూర్తిగా ఆరలేదని అర్థం. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి.

*నీటి మట్టం చారలు.* పాత చీరని కత్తెరతో కాకుండా చేత్తో చింపి, పేలికల్ని ఒకదానిమీద ఒకటి కొద్దిగా ఎక్కేలా పరచి బొంత కుట్టు (సూది పైకీ కిందికీ వరసగా పోయే మామూలు కుట్టు) వేయండి. నీళ్ళ దగ్గర వరసలు దగ్గరగా, పైకి పోయేకొద్దీ దూరంగా.

*నీళ్ళు.* నీళ్ళని కుట్టకండి. చుట్టూ చిక్కగా కుట్టి, నీళ్ళున్న చోట గుడ్డని ఖాళీగా వదిలేయండి. చుట్టుపక్కల గుడ్డ ముడుచుకుని, మధ్యలో నున్నగా మిగిలింది నీరులా పరుచుకుంటుంది. ఇది చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను, అప్పటిదాకా నీళ్ళ మీదే వందల కుట్లు వేశాను.

*తుంగ, జమ్ము.* పొడవైన నిలువు కుట్లు, రెండు పోగులతో. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే దువ్వెన పళ్ళలా ఉంటుంది. రెండు పొడవు, ఒకటి పొట్టి, ఒకటి విరిగి వాలినట్టు.

*రాళ్ళు.* గుడ్డని రాయి మీద పరచి మైనపు క్రేయాన్‌తో అడ్డంగా రుద్దితే రాతి గరుకు దిగుతుంది. పైన కాగితం పెట్టి ఇస్త్రీ చేస్తే కాస్త నిలుస్తుంది.

*వల.* గుడ్డ మీద పరచి అక్కడక్కడ ముడి కుట్టుతో బిగించండి. నైలాన్ వల మీద ఇస్త్రీ పెట్టె పెట్టకండి, కరిగి పెట్టెకి అంటుకుంటుంది.

చీరల మీది మామిడిపిందెని ఒకసారి గుర్తు చేసుకోండి. చెట్టున ఉన్న పిందెలా అది ఉండదు. అయినా చిన్నపిల్లలు కూడా పేరు చెప్తారు. నేతగాళ్ళు పిందెలోంచి ఒక్క వంపు తీసుకుని మిగతాది వదిలేశారు. మీ ముక్కల్లోనూ ఏం వదిలేశారో చూసుకోండి. అన్నీ ఉన్న ముక్క సాధారణంగా బలహీనమైన ముక్కే.

8. అమరిక

చివరి గుడ్డ మొదటిసారి జానెడు వెడల్పు, మూరెడు పొడవు దాటనివ్వకండి. కింద పాత చీర రెండు మడతలు, పైన మీ గుడ్డ. ముక్కల్ని పరచి, కుట్టకుండా రెండు రోజులు గోడకి గుచ్చి వదిలేయండి. వచ్చేటప్పుడు పోయేటప్పుడు చూడండి.

బతుకమ్మ పేర్చడం తెలిసినవాళ్ళకి ఈ పని సులువు. చుట్టుపక్కల దొరికిన తంగేడు, గునుగు, కట్ల, బంతి వరసలు వరసలుగా, ఒక రంగు పక్కన ఇంకో రంగు ఎలా పలుకుతుందో చూసుకుంటూ పేరుస్తాం. ఒక వరస తప్పితే తీసి మళ్ళీ పేరుస్తాం. గుడ్డ మీద కూడా అదే చేయి, అదే కన్ను.

మెరిసే రంగు ఒక్క చోటే. కట్ట మీద మైసమ్మ రాయికి పెట్టిన పసుపు కుంకుమ బొట్టు ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది, ఎందుకంటే చుట్టూ అంతా మట్టి రంగే. మీ గుడ్డలోనూ పసుపు, ఎరుపు దారాలు ఆ ఒక్క బొట్టంత చోటే వాడండి. నాలుగు చోట్ల వాడితే నాలుగూ చచ్చిపోతాయి.

అద్దాలు, పూసలు, లేసు అన్నీ ఇంట్లో ఉన్నాయి కదా అని పెట్టకండి. చెరువు దగ్గర మీరు చూసినదానికి జవాబు చెప్పని వస్తువు ఆ గుడ్డ మీద ఉండకూడదు.

9. కుట్టడం

మొదట పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి పొరలన్నీ కలపండి, లేకపోతే మధ్యలో ముడతలు పడతాయి. తర్వాత బొంత కుట్టు మధ్య నుంచి అంచులకి. మన అమ్మమ్మలు బొంతలు కుట్టిన కుట్టే ఇది, ఇంతకంటే గొప్ప కుట్టు ఈ పనికి అక్కర్లేదు. కుట్టు ఎటు పోతోందో మాత్రం చూసుకోండి: నేల మీద అడ్డంగా, గడ్డిలో నిలువుగా, నెర్రెల దగ్గర నెర్రె ఎటు పోతే అటు.

దారం బిగించి లాగితే గుడ్డ సంచిలా ముడుచుకుపోతుంది. ప్రతి వరస తర్వాత గుడ్డని చేత్తో సాఫు చేసి చూడండి. మట్టి పూత ఉన్న చోట సన్న సూదే వాడండి, లావు సూది పెచ్చులు లేపుతుంది.

10. సరిచూసుకోవడం

- గుడ్డని గోడకి పెట్టి ఆరడుగుల దూరం నుంచి చూడండి. చూపు ముందు ఎక్కడికి పోతోంది? ఆ బొట్టు దగ్గరికి కాకుండా ఇంకెక్కడికో పోతే అక్కడ ఏదో ఎక్కువైంది.
- ఫోన్‌లో నలుపు తెలుపు ఫోటో తీయండి. అంతా ఒకే బూడిద రంగులో కనిపిస్తే ముదురు చాల్లేదు. ఇనుప నీళ్ళో, నల్లదారమో జోడించాలి.
- తలకిందులుగా పట్టుకుని చూడండి. అమరిక ఎటు ఒరిగిందో అప్పుడే తెలుస్తుంది.
- తడి తెల్లగుడ్డతో మూల మీద మెల్లగా రుద్దండి. రంగు అంటితే మట్టి ఇంకా కుదురుకోలేదు, ఆగండి.
- బెత్తెడు ముక్కల్లో ఒకదాన్ని సగం అట్టతో కప్పి రెండు వారాలు కిటికీలో ఎండకి పెట్టండి. రెండు సగాలకీ తేడా కనిపిస్తే ఆ రంగు వాడకండి.
- ఊళ్ళో ఒకరికి చూపించండి. "ఇదేమిటో చెప్పండి" అని అడగకండి. "ఇది ఏ కాలం?" అని అడగండి. మా పక్కింటి పెద్దాయన నా గుడ్డ ఒకటి చూసి, "ఇంకో వారమైతే బురద మట్టలు కూడా దొరకవు" అన్నారు, మట్టలంటే బురదలో దొరికే చేపలు. అది ఏప్రిల్ చివర్లో చూసి చేసిన గుడ్డ. అంతకంటే మంచి మెచ్చుకోలు నాకు దొరకలేదు.

చెరువు లేకపోతే

హైదరాబాద్‌లో ఉంటే ఖాజాగూడ గుట్టల దగ్గరికి వెళ్ళండి. ఆ గ్రానైట్ రాళ్ళ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఉల్లిపొరల్లా ఊడే రాతి పెచ్చులు పేలికలతో చాలా బాగా వస్తాయి. క్రేయాన్ రుద్దుడు అక్కడే చేసుకోవచ్చు. కోస్తాలో ఉంటే ఉప్పు మడులు చూడండి, గళ్ళు గళ్ళుగా, ఒక్కో మడి ఒక్కో తెలుపు. అపార్టుమెంట్ దాటి పోలేనివాళ్ళు ఎదురు గోడ మీద వాననీటి మరకల్ని మూడు వేళల్లో చూడండి. అగ్గిపెట్టె కిటికీకి అది చాలా మంచి చోటు.

విదేశాల్లో ఉన్నవాళ్ళు ఊరి మట్టి సూట్‌కేసులో పెట్టుకెళ్దామనుకుంటారు. చాలా దేశాల్లో మట్టి, విత్తనాలు లోపలికి రానివ్వరు, విమానాశ్రయంలో టెన్షన్ పడాల్సి వస్తుంది. ఇక్కడ ఉన్నప్పుడే గుడ్డకి మట్టి పూసి, బాగా ఆరి కుదురుకున్నాక ఉతికి తీసుకెళ్ళండి. లేదా అక్కడి నేల మట్టితోనే చేయండి. పద్ధతిలో తేడా ఏమీ లేదు.

పూర్తయిన గుడ్డని నేరుగా ఎండపడే గోడకి తగిలించకండి. పై అంచుకి వెనక గొట్టంలా కుట్టి అందులో వెదురు పుల్ల దూర్చండి, మేకులు గుచ్చితే కరక్కాయ గుడ్డకి మచ్చ పడుతుంది. వెనక కింది మూలలో చెరువు పేరు, నెల, సంవత్సరం దారంతో కుట్టండి. వచ్చే ఏడు అదే నెలలో అక్కడికే వెళ్ళి రెండో గుడ్డ మొదలుపెట్టేటప్పుడు మొదటిదాన్ని పక్కన పెట్టుకోండి. నీళ్ళు ఎంత జరిగాయో రెండు గుడ్డల అంచుల మధ్య కొలుచుకోవచ్చు.